“బాగుంది” అంటే చాలదు
మనవాళ్ల ఫోటోలు మనమే బాగా తీసుకునే దారి

మీ ఫోన్‌లో ఎన్ని ఫోటోలున్నాయో ఒకసారి చూడండి. వెయ్యి దాటే ఉంటాయి. పొంగలి ముగ్గు, మేనకోడలి పుట్టినరోజు కేకు, కొత్త బండి, రైలు పెట్టెలో స్నేహితులు, ఎవరెవరో పంపిన గుడ్ మార్నింగులు. ఇప్పుడు వాటిలో మీ అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో వెతకండి. గుంపులో ఉన్నది కాదు, వంటింట్లో వెనక్కి తిరిగి ఉన్నది కాదు. ముఖం నేరుగా, కళ్లు కనబడేట్టు, చూడగానే “అవును, మా అమ్మ ఇట్లాగే ఉంటుంది” అనిపించే ఫోటో. నాన్నది వెతకండి. తాతది, అవ్వది వెతకండి.

చాలా ఇళ్లలో ఒక్కటీ దొరకదు. దొరికేదల్లా ఆధార్ కార్డులో బెదిరిపోయిన ముఖం, మిల్లు గుర్తింపు కార్డుకు అతికించిన పాస్‌పోర్టు సైజు ముఖం, లేకపోతే ఎవరి పెళ్లిలోనో మూడో వరసలో సగం తల. కెమెరా లేక ఇట్లా కాలేదు. ఇప్పుడు ఇంటికొకటైనా ఉంది. తీసినదాన్ని చూసి సరిగ్గా చెప్పేవాళ్లు లేరు. ఫోటో చూపిస్తే మనవాళ్లు అనేవి రెండే మాటలు: “బాగుంది”, “బాగలేదు”. ఆ రెండు మాటలు విని ఎవరూ ఏదీ నేర్చుకోలేరు.

తిరువళ్ళూరులో కొందరం, తిరుత్తణిలో కొందరం, అంతా మిల్లు, మగ్గం కుటుంబాలవాళ్లమే, మూడేళ్లుగా ఈ పని నేర్చుకుంటున్నాం. ఫోటో తీయడం ఒక ఎత్తు, తీసిన ఫోటో గురించి ఒకరికొకరు నొప్పించకుండా, మొహమాటం లేకుండా చెప్పుకోవడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని వచ్చాకే మొదటిది కుదిరింది.

గోడ మీదికి ఎక్కే ఫోటో

ఇది తీరికున్నవాళ్ల సరదా అనుకునేవాళ్ల కోసం ఒక మాట చెప్తాను. మా పెదనాయన పోయినప్పుడు కర్మలకు ఫోటో కావలసి వచ్చింది. ఇల్లంతా వెతికితే ఓటరు కార్డు ఒకటే దొరికింది. ఒక స్టూడియోలో దాన్నే పెద్దది చేసి ఇచ్చారు. ముఖం మీద గీతలు చెరిపేశారు. వాటితోపాటు చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు కూడా పోయాయి. మెడ కింద ఎవరిదో నీలం కోటు, టై తగిలించారు. ఆయన జన్మలో కోటు వేసుకోలేదు. బనీను మీద తువ్వాలు వేసుకునే మనిషి.

పెద్దమ్మ ఆ ఫోటోకు రోజూ పూలు పెడుతుంది. ఒకసారి నాతో అంది, “ఆయన కళ్లు ఇవి కాదురా. ఎవరో ఆఫీసరు ముందర నిలబడినట్టుంది.”

మనలాంటి ఇళ్లలో ఇది కొత్త కథ కాదు. మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లులు నడిచిన కాలంలో మన తెలుగువాళ్లు ఎంతోమంది అక్కడ పనిచేశారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది ఆ మిల్లు కార్మికులతోనే. 1996లో మిల్లు మూతపడింది. అందులో పనిచేసిన మన తాతల్లో ఎందరి ముఖాలు ఈ రోజు మన దగ్గర ఉన్నాయి? ఉన్నా ఎక్కువగా వేలిగోరంత కార్డు ఫోటోలే.

తిరుత్తణి సంగతి ఇంకొకటి. 1960 ఏప్రిల్ 1 దాకా అది ఆంధ్రలో, చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల చట్టం వచ్చాక మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అందుకే మా అత్త వాళ్ల వీధిలో పాత ట్రంకుపెట్టెలు తెరిస్తే ఫోటోల వెనకాల తెలుగులో రాసిన పేర్లు కనబడతాయి. ఇప్పటి పిలకాయలు బళ్లో తమిళం చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ముఖం ఉన్నా అది ఎవరిదో తెలియని ఫోటోలు అట్లా తయారవుతున్నాయి.

అంటే మనం తీసే ప్రతి ఫోటో రేపు ఒక గోడ మీదికి ఎక్కబోయేదే. అది ఆ మనిషిలా ఉండాలి. నాకు తెలిసి మంచి ఫోటోకు ఇంతకంటే పెద్ద కొలత లేదు.

గుడ్డ చెక్ చేసినట్టు

నేను ఒక మిల్లులో ఫోల్డింగ్ సెక్షన్‌లో గుడ్డ చెక్ చేసేవాణ్ణి. తాను బల్ల మీద పరుచుకుంటూ పోతుంటే కంటికి తప్పు దొరకాలి. పడుగు పోగు తెగిందా, పేక తప్పిందా, నూనె మరక పడిందా, అంచు లాగిందా. దొరికినచోట అంచుకు గుర్తు పెట్టాలి. ఏ మగ్గం మీద వచ్చిందో రాయాలి. అప్పుడే మగ్గం దగ్గర మనిషి పోయి చూసి సరిచేసుకోగలడు.

“ఈ తాను బాగలేదు” అని రాసిచ్చే చెకర్‌ను ఏ మిల్లులోనూ ఒక్కరోజు కూడా ఉంచుకోరు. “నీకు నేత రాదు” అంటే నేసేవాడు తిరగబడతాడు. తప్పు ఎక్కడుంది, ఏ రకం తప్పు, దేనివల్ల వచ్చింది. ఈ మూడూ చెప్తేనే అది చెకింగ్.

ఫోటో గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇదే లెక్క. “చీకటిగా ఉంది” అంటే సగం మాట. “కిటికీ మామ వెనకాల ఉంది, వెలుతురంతా కెమెరా కంట్లో పడింది, ముఖం మీద పడలేదు” అంటే ముప్పాతిక మాట. “ఈసారి మామను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టు, నువ్వు కిటికీకి వీపు పెట్టి పక్కగా నిలబడు” అంటే నిండు మాట. నిండు మాట విన్నవాడు ఇంటికి పోయి మళ్లీ తీస్తాడు. సగం మాట విన్నవాడు ఫోన్ జేబులో పెట్టేస్తాడు.

మా ఆదివారాలు

నెలకొక ఆదివారం కూర్చుంటాం. ఒక నెల తిరువళ్ళూరులో మా మిద్దె మీద, ఇంకో నెల తిరుత్తణిలో మా అత్త వాళ్ల తిన్నె మీద. అరక్కోణం మీదుగా పోయే రైలు ఉండనే ఉంది. పదిమంది దాకా వస్తాం. మరమగ్గం నడిపేవాళ్లు, స్పిన్నింగ్‌లో పనిచేసే ఆడపిల్లలు, కాలేజీ పిల్లలు, రిటైరైన మాలాంటి వాళ్లు. అందరివీ ఫోన్లే. ఒకరిద్దరి దగ్గర పాత కెమెరాలున్నాయి.

తలా ఒక ఫోటో తేవాలి. ఒక్కటే. పది తెస్తే ఏది మంచిదో ఎంచుకునే కష్టాన్ని పక్కవాళ్ల నెత్తిన పెట్టినట్టు అవుతుంది. నెలంతా తీసిన వాటిలోంచి ఒకటి ఏరుకోవడమే సగం పాఠం. ఆ ఒక్కటీ కాగితం మీద ప్రింటు వేయించి తేవాలి. ఫోన్‌లో అయితే వేలితో తోసేసి రెండు సెకన్లలో తరువాతి దానికి పోతాం. కాగితం చేతిలో ఉంటే చూపు నిలబడుతుంది.

తెచ్చిన ఫోటో మధ్యలో పెడతాం. ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. తరువాత ఒక్కొక్కరు తమకు ఏం కనబడుతోందో చెప్పాలి. ముందు బాగోగులు కాదు, కనబడేది మాత్రమే. “నా చూపు ముందు ఆమె చేతుల మీదికి పోయింది.” “వెనక క్యాలెండరు మీదికి పోయింది.” తీసిన మనిషికి ఇదే అన్నిటికంటే పెద్ద కానుక. తాను ముఖం అనుకుని తీసిన ఫోటోలో అందరూ ముందు క్యాలెండరు చూస్తున్నారంటే, ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర లేదు.

ఆ తరువాత తలా ఒక మంచి, తలా ఒక మార్పు. మంచి అనేది ఓదార్పు కోసం చెప్పేది కాదు. మళ్లీ తీసేటప్పుడు దేన్ని వదలకూడదో చెప్పడానికి. మార్పు ఒక్కటే చెప్పాలి. అయిదు చెప్తే ఏదీ గుర్తుండదు. తీసినవాళ్లు అందరూ అయిందాకా నోరు విప్పకూడదు. “అప్పుడు ఎండ ఉండె, టైము లేకపాయె” అని మొదలుపెడితే వినడం ఆగిపోతుంది.

చివరి మెట్టు అన్నిటికంటే ముఖ్యం. అదే మనిషిని, అదే చోట, ఆ ఒక్క మార్పు చేసి, వారం లోపల మళ్లీ తీయాలి. వచ్చే నెల రెండు ప్రింట్లూ పక్కపక్కన పెడతాం. మాట పనిచేసిందా లేదా అప్పుడు తెలుస్తుంది. ఒక్కోసారి మొదటిదే బాగుంటుంది. అప్పుడు సలహా ఇచ్చినవాళ్లు నేర్చుకుంటారు.

మూడు ఫోటోలు, మూడు మాటలు

ఒక తమ్ముడు వాళ్ల మామను తీసుకొచ్చాడు. ఫోటోలో అన్నమాట. తెల్ల వేష్టి, తెల్ల చొక్కా, వాకిట్లో ఎండ. బట్టలు మెరిసిపోతున్నాయి, ముఖం మసి. కెమెరాకు మనిషి తెలియదు, వెలుతురు మొత్తమే తెలుసు. ఎదురుగా ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద రంగు, అంటే పడ్డ వెలుతురులో సుమారు 18 శాతం తిప్పి పంపే రంగు అనుకుని లెక్క కడుతుంది. తెలుపు ఎక్కువుంటే “అబ్బో, వెలుతురు జాస్తి” అని మొత్తం తగ్గిస్తుంది. తెల్ల వేష్టిని బూడిద రంగుకు దించే ప్రయత్నంలో ముఖం చీకటిలోకి పోతుంది. ఇప్పటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి గాని, వెనకాల ఎండ దంచుతుంటే అవీ చేతులెత్తేస్తాయి. అతనికి చెప్పిన మార్పు ఒకటే: “ఫోన్ మీద మామ ముఖాన్ని వేలితో నొక్కు. పక్కన సూర్యుడి బొమ్మ వస్తే ముఖం సరిగ్గా కనబడిందాక పైకి జరుపు.” మళ్లీ తీశాడు. వెనక వాకిలి తెల్లగా వెలిసిపోయింది. పోనీ. మామ ముఖం దొరికింది, చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలతో సహా.

ఒక అమ్మాయి వాళ్ల అవ్వను తీసింది. ప్రేమతో దగ్గరికి పోయి, ముఖానికి మూరెడు దూరంలో ఫోన్ పెట్టింది. ముక్కు లావుగా, చెవులు చిన్నగా వచ్చాయి. అవ్వ చూసి “నేను ఇంత వికారంగా ఉంటానా?” అంది. అవ్వ తప్పు లేదు, అమ్మాయి తప్పు లేదు, ఫోన్ తప్పు కూడా లేదు. అది దూరం చేసే పని. మూరెడు దూరం నుంచి చూస్తే ముక్కు కెమెరాకు చాలా దగ్గర, చెవులు దానికంటే బాగా ఎడం. అందుకే ముక్కు పెద్దది, చెవులు చిన్నవి. అయిదారు అడుగులు వెనక్కి పోతే ఆ తేడా లెక్కలోకి రాదు. అంత దూరం నుంచి 2 రెట్లు జూమ్ చేసి తీస్తే ముఖం మనం రోజూ చూసే ముఖంలా వస్తుంది. స్టూడియోవాళ్లు మనిషి ఫోటోకు 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టుకుని దూరంగా నిలబడేది ఇందుకే. “అడుగు వెనక్కి పో” అన్న ఒక్క మాటతో ఆ అమ్మాయి ఫోటోలన్నీ మారిపోయాయి.

మూడోది తిరుత్తణి కొండ మీద. 365 మెట్లెక్కి, మొక్కు తీర్చుకుని, గుండు చేయించుకుని గంధం పూసుకున్న చంటిపిల్లవాడు. ఆడికృత్తిక అప్పుడు అట్లాంటి గుండ్లు వేలల్లో ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో తీశారు. గంధం పూసిన తల బల్బులా వెలిగిపోతోంది, కనుబొమల కింద రెండు నల్ల గుంటలు. నడినెత్తి సూర్యుడు ఎవరి కళ్లనూ ఉండనివ్వడు. మా వాళ్లు చెప్పింది: “అరుగు నీడలోకి తెచ్చి, ముఖం బయట ఆకాశం వైపు తిప్పు.” నీడలో ఉన్నా ఆకాశం వెలుతురు ముఖం మీద పడుతుంది. కంట్లో చిన్న మెరుపు చుక్క వస్తుంది. ఆ చుక్క ఉంటే కన్ను బతికి ఉంటుంది, లేకపోతే గాజు కన్నులా ఉంటుంది. కానీ అదే ఫోటోలో ఒక మంచి కూడా ఉంది. పిల్లవాడు వాళ్ల నాయన చొక్కా కాలరు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. “ఆ చెయ్యి మాత్రం వదలొద్దు” అని అందరం ఒకే మాట అన్నాం. ఆ మొక్కు మళ్లీ రాదు, కాబట్టి ఆ ఫోటోను మళ్లీ తీయలేం. వచ్చే ఏడు ఇంకో పిల్లవాడికి పనికొస్తుంది.

మగ్గం షెడ్డులో తీసేవాళ్లకు ఒక జాగ్రత్త. నడుస్తున్న మగ్గం పక్కన ఫోజులు వద్దు. పైట, తువ్వాలు, పట్టీ ఏది ఎప్పుడు లాగుతుందో తెలియదు. మగ్గం ఆపి, వాకిలి దగ్గరికి వచ్చి, చేతిలో పాన్ పట్టుకుని నిలబడినా పని కనబడుతుంది. పైన ట్యూబులైటు కంటే వాకిలి వెలుతురు ముఖానికి వందరెట్లు మేలు.

“నల్లగా ఉంది” అనే మాట

మా కూటంలో ఒకే ఒక్క నిషేధం ఉంది. మనిషి ఒంటి గురించి మాట్లాడకూడదు. లావు, సన్నం, పళ్లు, బట్టతల, అన్నిటికంటే ముఖ్యంగా రంగు. ఫోటో నల్లగా ఉంటే వెలుతురు చాలలేదని చెప్పవచ్చు. మనిషి నల్లగా ఉంటే అది తప్పు కాదు, సరిచేసేది కాదు.

ఈ నియమం ఊరికే రాలేదు. స్పిన్నింగ్‌లో పనిచేసే ఒక చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. వాళ్ల అన్న ఫోటో తీసి, ఫోన్‌లో ఉన్న బ్యూటీ ఫిల్టరు పెట్టి, పిండి రాసినట్టు తెల్లగా చేసి పంపాడు. చూపులకు వచ్చినవాళ్లు ఫోటోను, ఆ అమ్మాయిని మార్చి మార్చి చూశారట. ఆ పిల్ల మా దగ్గరికి ఆ ఫోటో తెచ్చి మధ్యలో పెట్టి అంది: “దీంట్లో నేను లేను. వాళ్లు చూడవచ్చింది నన్ను కాదు.” ఆ రోజు ఎవరమూ వెలుతురు గురించి మాట్లాడలేదు.

ఈ రంగు గొడవ మన ఊరిలోనే కాదు. ఫిల్ములో కూడా ఉండేది. అమెరికాలో కోడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక తెల్ల అమ్మాయి ఫోటో కార్డు పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు. నల్లవాళ్ల ముఖాల్లో వివరం పోతోందని తల్లులు చెప్తే పెద్దగా పట్టించుకోలేదు. చాక్లెట్ కంపెనీలవాళ్లు, చెక్క సామాన్ల వాళ్లు “మా సరుకులో ముదురు, లేత తేడాలు మీ ఫిల్ములో తెలియడం లేదు” అని గట్టిగా అడిగాక ఫిల్మును మెరుగుచేశారు. ఈ సంగతి కోడాక్‌లో పనిచేసినవాళ్లే తరువాత చెప్పారు. సరైన విమర్శ ఫిల్మునే మార్చింది. కాకపోతే ఎవరి విమర్శ వినాలి అన్నదాంట్లో కూడా న్యాయం ఉండాలి.

మన నల్లని ముఖాలకు కావలసింది ఫిల్టరు కాదు, పక్కనుంచి వచ్చే మెత్తని వెలుతురు. ఉదయం కిటికీ, సాయంత్రం వాకిలి చాలు. చీకటిగా ఉన్న చెంప వైపు ఒక తెల్ల వేష్టిని గాని, థర్మకోల్ అట్టను గాని ఎవరైనా పట్టుకుంటే వెలుతురు తిరిగి ముఖం మీద పడుతుంది. ముదురు ఒంటి మీద వెలుతురు చేసే మెరుపు ఎంత అందంగా ఉంటుందో అప్పుడు చూడండి.

చివరి మాట ఎవరిది

ఫోటో తీసేవాళ్లం, చూసేవాళ్లం ఎంత మాట్లాడుకున్నా, ఫోటోలో ఉన్న మనిషి మాటే చివరిది. వాళ్లు వద్దంటే అది ఎక్కడికీ పోకూడదు. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. తెలిసినవాళ్లు తీస్తే ముఖం విప్పారుతుంది, మొహమాటముంటే బిగుసుకుపోతుంది. హైదరాబాదులో నిజాం దర్బారు ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆడవాళ్ల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించాడు. మా కూటంలో ఆడపిల్లలు ఫోన్ పట్టుకున్నాక మా వీధి అమ్మల ఫోటోలు వేరేగా వస్తున్నాయి. మేము తీస్తే కొంగు సర్దుకునేవాళ్లు, వాళ్లు తీస్తే కబుర్లు చెప్తున్నారు.

మా పెద్దమ్మ ఫోటో మూడుసార్లు తీశాం. మొదటిసారి పట్టుచీర కట్టించి కుర్చీలో కూర్చోబెట్టారు. వెలుతురు బాగుంది, ఫోకస్ బాగుంది, మా వాళ్లంతా మెచ్చుకున్నారు. పెద్దమ్మ చూసి “పెళ్లికొచ్చిన చుట్టంలాగా ఉన్నానే” అంది. రెండోసారి మామూలు చీర. “ఎందుకే అంత దిగులు మొహం?” అంది. మూడోసారి ఒక చిన్నపిల్ల తీసింది. పెద్దమ్మ కిటికీ దగ్గర పూలు కడుతూ, ఎవరితోనో ఏదో అంటూ, చూపు పైకెత్తింది. మా లెక్కల ప్రకారం అందులో రెండు తప్పులున్నాయి. ఒక పక్క గోడ వంకరగా ఉంది, ఎడమ చెయ్యి కదిలి చెదిరిపోయింది. పెద్దమ్మ ఆ ప్రింటు చాలాసేపు చూసి, “ఇది దాచిపెట్టండి” అంది. దాచిపెట్టండి అంటే ఏమిటో, ఎప్పటికో మాకు తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు.

వినేవాళ్లకు కూడా ఒక విద్య కావాలి

చెప్పడం ఎంత కష్టమో వినడం అంత కష్టం. మనం కొత్తగా ఈ పని చేయడం లేదు. లండన్‌లో 1853లో ఫోటోగ్రాఫిక్ సొసైటీ పెట్టారు, బొంబాయిలో 1854లో పెట్టారు. ఆ దశాబ్దంలోనే మన మద్రాసులో కూడా వచ్చింది. ఆర్ట్ స్కూలు స్థాపించిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ దానికి ముఖ్యుడు. ఫోటోలు ఒకచోట పెట్టి, కలిసి చూసి, మాట్లాడుకోవడం ఆ సంఘాల పని. తరువాతి కాలంలో ఇంగ్లండులో పోస్టు క్లబ్బులు వచ్చాయి. ఒక పెట్టెలో తలా ఒక ప్రింటు పెట్టి పోస్టులో పంపుతారు. అందినవాళ్లు మిగతావాళ్ల ఫోటోల గురించి తమ అభిప్రాయం కాగితం మీద రాసి, పెట్టెను తరువాతి ఊరికి పంపుతారు. తిరిగి తిరిగి పెట్టె మనింటికి వచ్చేసరికి మన ఫోటో మీద అందరి మాటలూ ఉంటాయి. రాసి పంపాలి కాబట్టి తొందరపాటు తగ్గుతుంది. రాత్రి షిఫ్టు ఉండి రాలేనివాళ్ల ఫోటోలకు మేము ఇప్పుడు ఇదే చేస్తున్నాం. ప్రింటు వెనక ఒక చీటీ పిన్ను చేసి పంపుతాం.

అయితే చెప్పిందల్లా వేదం కాదు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆమెకు 48 ఏళ్ల వయసులో, 1863లో, కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చారు. ఆమె మనుషుల ఫోటోలను కొంచెం మసకగా, మెత్తగా తీసేది. అప్పటి ఫోటో పత్రికలు ఫోకస్ తెలియని మనిషి అని ఆమెను వెక్కిరించాయి. ఆమె మాత్రం కావాలనే అట్లా తీసింది. ఈ రోజు ఆ ఫోటోలు ప్రపంచంలో పెద్ద పెద్ద మ్యూజియముల్లో ఉన్నాయి.

మరి ఏది తీసుకోవాలి, ఏది వదలాలి? మా వాడుక ఇది. ఒకరికొకరు సంబంధం లేకుండా ముగ్గురు అదే చోటు చూపిస్తే, ఆ చోట ఏదో ఉంది. పోయి చూడాలి. వాళ్లు చెప్పిన మందు తప్పు కావచ్చు, నొప్పి మాత్రం నిజం. ఒక్కరే చెప్తే ఒకసారి చేసి చూసి, నచ్చకపోతే వదిలేయవచ్చు. ఎవరూ అడగకుండా కూడా “నేను కావాలనే అట్లా తీశాను” అని మనసులో నిజంగా చెప్పుకోగలిగితే, దాన్ని వదలనక్కర లేదు.

ఈ నెల మీ ఇంట్లో

కూటం లేకపోయినా ఇద్దరుంటే చాలు. వదినా మరదళ్లు, అన్నా చెల్లెళ్లు, ఒకే షిఫ్టులో పనిచేసే స్నేహితులు. ఈ నెల ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను ఒకరిని ఎంచుకోండి. ఉదయం 8 గంటలకు ముందో, సాయంత్రం 4 దాటాకో, కిటికీ పక్కన గాని, తిన్నె మీద గాని కూర్చోబెట్టండి. ఫ్లాష్ వద్దు, ఫిల్టరు వద్దు. లెన్సును మెత్తని బట్టతో ఒకసారి తుడవండి. మన ఇళ్లలో దూదిపొట్టు, నూనె వేళ్లు మామూలే. ఫోన్‌ను వాళ్ల కంటి ఎత్తులో పట్టుకోండి. అయిదారు అడుగుల దూరంలో నిలబడి ఏదైనా అడగండి. “మొదటి జీతంతో ఏం కొన్నావు తాతా?” అని అడిగి చూడండి. జవాబు చెప్పేటప్పుడు తీయండి.

ఒక ప్రింటు వేయించండి. ముందు వాళ్లకే చూపించి ఏమంటారో వినండి. తరువాత ఇంకొకరికి చూపించి, “బాగుందా?” అని అడగవద్దు. “నీ చూపు ముందు ఎక్కడికి పోయింది? ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తావు?” అని అడగండి. ఆ ఒక్కటీ మార్చి వారంలోగా మళ్లీ తీయండి. వాళ్లు ఒప్పుకున్న ప్రింటు వెనక పేరు, ఊరు, ఏడాది, చేసిన పని రాయండి. తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి. మెత్తని పెన్సిల్‌తో అయితే ఫోటోకు గుంట పడదు.

ఆ తరువాత దాన్ని ట్రంకుపెట్టెలో దాచకండి. వాళ్లు తిరుగుతున్న ఇంట్లోనే, వాళ్లు రోజూ చూసుకునేట్టు, పూలదండ లేకుండా గోడకు తగిలించండి.